ఆపరేషన్ తర్వాతి యాభై ఏళ్లు

మా సర్జన్ గురువుగారి జ్ఞాపకార్థం ఈరోజు మాదాపూర్‌లో కలుసుకున్నాం.

గురువుగారిని పొగడవద్దని, ఆయన పట్టుకున్న పని గురించి చెప్పమని ఇంటివాళ్లు అడిగారు. ఆయన ఉన్నా అదే అడిగేవారు. పిల్లల పొట్టకు చేసే ఆపరేషన్లలో ఆయన ఎక్కువ శ్రద్ధతో, ఎక్కువ జాగ్రత్తతో చేసింది పిత్తనాళపు తిత్తిని తీసేయడం. ఆసుపత్రుల్లో దాన్ని కొలిడోకల్ సిస్ట్ అంటాం. సభలో వైద్యులు కానివారు చాలామంది ఉన్నారు. అందుకని వైద్యులకు తెలిసిన సంగతులు కూడా మొదటి నుంచీ చెప్పుకొస్తాను, తోటివారు ఓపిక పట్టాలి.

నా మనసులో ఉన్నది ముందే చెప్పేస్తాను. ఈ తిత్తిని శుభ్రంగా తీసేయడం మన నగరం నేర్చుకుంది. తీయించుకున్న మనిషిని ఆ తర్వాత యాభై ఏళ్ల పాటు కనిపెట్టి ఉండడం ఇంకా నేర్చుకోలేదు. పిల్లల సర్జన్ దగ్గర ఒక ఫైలు, పెద్దల సర్జన్ దగ్గర ఇంకో ఫైలు ఉంటాయి. రెండూ ఒకే మనిషివని తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు. ఈ లోటు ఎక్కడికన్నా ఎక్కువగా ఈ ఐటీ కారిడార్‌లో కనబడుతోంది కాబట్టే ఈ మాటలు ఇక్కడ చెప్పాలనుకున్నాను.

కాలేయంలో తయారైన పైత్యరసం పిత్తనాళం గుండా దిగి చిన్నపేగు మొదటి భాగంలోకి చేరుతుంది. క్లోమం నుంచి వచ్చే నాళమూ అక్కడికే వస్తుంది. మామూలుగా ఈ రెండూ పేగు గోడ లోపల కలుస్తాయి. ఆ కలిసే చోట ఒక కండరం బిగుసుకుంటూ, వదులవుతూ ఏ రసం ఎప్పుడు దిగాలో చూసుకుంటుంది. గోదావరి డెల్టాలో కాలువల మీద లాకులు చేసే పనే ఇదీ చేస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఈ కలయిక పేగు గోడకు బయట, లాకుకు బాగా ఎగువన జరిగిపోతుంది. అప్పుడు లాకు ఉన్నా ప్రయోజనం లేదు, రెండు నీళ్లూ పైనే కలిసిపోయాయి. క్లోమరసానికి ఒత్తిడి ఎక్కువ, అది పిత్తనాళంలోకి ఎగదన్నుతుంది. మాంసకృత్తులను అరిగించే రసం అది. నాళపు లోపలి పొర ఏళ్ల తరబడి ఒరుసుకుపోయి, గోడ బలహీనపడి ఉబ్బుతుంది. ఈ వివరణను 1969లో అమెరికాలో బాబిట్ అనే రేడియాలజిస్టు ప్రతిపాదించాడు. తిత్తిలోని పైత్యాన్ని పరీక్షిస్తే చాలామందిలో క్లోమపు ఎంజైమైన అమైలేజ్ విపరీతంగా కనబడడం దానికి బలమిచ్చింది. అయితే తల్లి కడుపులో ఉండగానే స్కానింగ్‌లో కనబడే తిత్తులన్నిటికీ ఈ ఒక్క వివరణ చాలదు. కిందిభాగం పుట్టుకతోనే సన్నబడడం వల్ల పైభాగం ఉబ్బడమూ ఒక దారి. నా దృష్టిలో రెండూ నిజమే. పసిపిల్లలో పెద్ద బంతిలా కనిపించే తిత్తీ, పదేళ్ల పిల్లలో కొద్దిగా మాత్రమే లావైన నాళమూ ఒకే దారిన వచ్చాయని నేననుకోను.

ఈ జబ్బు పాశ్చాత్య దేశాల్లో చాలా అరుదు, ఆసియాలో, ముఖ్యంగా జపాన్‌లో ఎక్కువ. మగపిల్లల కంటే ఆడపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఆడపిల్లల జబ్బు కావడం వల్ల మన సమాజంలో దీనికి అదనంగా వచ్చిపడే కష్టాలున్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

పాఠ్యపుస్తకం కడుపునొప్పి, కామెర్లు, కుడివైపు గడ్డ అని మూడు లక్షణాలు చెబుతుంది. మూడూ కలిసి కనిపించేది కొద్దిమందిలోనే. పిల్ల పొట్ట పట్టుకుని ఏడిస్తే మన ఇళ్లలో మొదట గుర్తొచ్చేది నులిపురుగులు. మందు వేస్తారు, నొప్పి దానంతటదే తగ్గుతుంది, మందు పనిచేసిందనుకుంటారు. రెండు నెలలకు మళ్లీ వస్తుంది. కళ్లు పచ్చబడితే పసరు పోయిస్తారు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు ఎలాగూ కొన్ని వారాల్లో తగ్గుతాయి కాబట్టి పసరుకు పేరొచ్చింది. తిత్తి వల్ల వచ్చే కామెర్లు కూడా కొన్నాళ్లు తగ్గి మళ్లీ వస్తాయి. అదే అసలు ప్రమాదం. తగ్గిందన్న ధైర్యంతో ఏళ్లు గడిచిపోతాయి. ఒకసారి తగ్గి మళ్లీ వచ్చిన కామెర్లకు పసరు కాదు, స్కానింగ్ కావాలి. అల్ట్రాసౌండ్ చాలు, సూది లేదు, రేడియేషన్ లేదు, ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా దొరుకుతుంది.

స్కానింగ్ చేసేవారికి ఒక మనవి. పెద్దవాళ్లలో ఆరు మిల్లీమీటర్ల పిత్తనాళం మామూలే. నెలల పాపకు అది రెండు మిల్లీమీటర్ల లోపే ఉండాలి. పెద్దల కొలతను పసిపాపకు పెట్టి ‘నార్మల్’ అని రాసిన ఒక్క మాట ఆ పిల్లకు కొన్నేళ్లు నష్టం చేస్తుంది.

పుట్టిన కొద్ది వారాలకే కామెర్లు వచ్చి, మలం సున్నంలా తెల్లగా పోతుంటే సంగతి వేరు. అక్కడ తిత్తి కనిపించినా, అది పిత్తనాళాలు మూసుకుపోయే బిలియరీ అట్రీషియాలో ఒక రకం కావచ్చు. దానికి జపాన్ సర్జన్ మోరియో కసాయ్ 1959లో ప్రచురించిన ఆపరేషనే దారి. అది కూడా రెండు నెలల వయసు లోపు చేస్తేనే ఫలితం బాగుంటుంది. గర్భంలోనే తిత్తి కనబడిందని తెలిసిన తల్లి ప్రసవం అయ్యాక బిడ్డ మలం రంగును రోజూ చూసుకోవాలి. పసుపు రంగు ఉంటే నింపాదిగా ఆలోచించుకోవచ్చు. తెల్లబడితే ఆ వారంలోనే పిల్లల సర్జన్ దగ్గరికి వెళ్లాలి. బిడ్డ హుషారుగా ఉన్నా సరే, తిత్తి పెద్దదైతే కొన్ని నెలల్లోపే ఆపరేషన్ చేయించడం మేలు. పైత్యం నిలిచిపోయిన కాలేయం లోలోపలే గట్టిపడుతుంది, అది బయటికి తెలియదు.

ఇక శస్త్రచికిత్స. ఈ తిత్తిని మొదట వర్ణించినవాడు జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు అబ్రహాం వాటర్, 1723లో. దాన్ని తీయాలన్న ఆలోచన రావడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. 1924లో మెక్‌వోర్టర్ తిత్తిని తీసేసి నాళాన్ని పేగుకు కుట్టాడు కానీ, మత్తు, రక్తమార్పిడి అంతంతమాత్రంగా ఉండి, యాంటీబయాటిక్స్ లేని ఆ రోజుల్లో అది ప్రాణాలతో చెలగాటమే. అందుకే ఇరవయ్యో శతాబ్దం సగం దాటాక కూడా సర్జన్లు సులువైన దారినే పోయారు. తిత్తిని ఉన్నచోటే ఉంచి, దానికో రంధ్రం చేసి, పక్కనున్న పేగుకు కలిపి కుట్టేసేవారు. పైత్యం దిగిపోయేది, కామెర్లు తగ్గేవి, పిల్ల కులాసాగా ఇంటికి వెళ్లేది. పదేళ్లకో, ఇరవయ్యేళ్లకో చలిజ్వరాలతో తిరిగొచ్చేది. లోపల రాళ్లు, చీము. కొందరిలో మిగిల్చిన తిత్తి గోడలోనే క్యాన్సర్. ఆ అనుభవం పోగుపడ్డాకే 1970 ప్రాంతం నుంచి, జపాన్ సర్జన్లు ముందు నడవగా, తిత్తిని మొత్తంగా తీసేయాలన్న నియమం ప్రపంచమంతా స్థిరపడింది. 1977లో తొదాని ఇచ్చిన అయిదు రకాల వర్గీకరణను మనం నేటికీ వాడుతున్నాం.

అయిదు రకాల గురించీ సాగదీయను. ఎక్కువమందిలో కనిపించేది మొదటి రకం, కాలేయం బయటి నాళం ఒక్కటే ఉబ్బడం. నాలుగో రకంలో చాలావరకు కాలేయం లోపలి నాళాలూ ఉబ్బుతాయి. ఇది పెద్దవాళ్లలో ఎక్కువగా చూస్తాం. పేగు గోడలోకి పొడుచుకొచ్చే మూడో రకానికి చాలాసార్లు ఎండోస్కోపీ ద్వారా చీలికతోనే సరిపోతుంది. లోపలి నాళాలు మాత్రమే ఉబ్బే అయిదో రకాన్ని 1958లో వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు కారోలీ పేరుతో పిలుస్తాం. కాలేయంలో ఒక పక్కకే పరిమితమైతే ఆ భాగం తీసేయవచ్చు, మొత్తం పాకితే చివరికి కాలేయ మార్పిడే.

మొదటి రకానికి చేసే ఆపరేషన్ గురించే గురువుగారు గంటల తరబడి చెప్పేవారు. కాలేయానికి పేగుల రక్తం తెచ్చే పోర్టల్ సిర తిత్తి వెనకే ఆనుకుని ఉంటుంది. కుడి కాలేయ ధమని చాలామందిలో నాళం వెనకగా పోతుంది, కొందరిలో ముందుగా అడ్డం వస్తుంది. దాన్ని తిత్తి మీది రక్తనాళం అనుకుని కట్టేస్తే కాలేయానికి ముప్పు. పలుమార్లు చీము పట్టిన తిత్తి వెనక గోడ సిరకు అతుక్కుపోయి ఉంటుంది. అప్పుడు మొండిగా లాగకూడదు. వెనక గోడ బయటి పొరను సిర మీదే వదిలి, క్యాన్సర్‌కు మూలమైన లోపలి పొరను మాత్రం ఒలిచేయాలి. ఈ పద్ధతి అమెరికన్ పిల్లల సర్జన్ లిలీ పేరు మీద నిలిచింది.

కిందివైపు క్లోమంలోకి దిగి, తిత్తి సన్నబడి ముగిసే చోటుదాకా వెళ్లి తీయాలి. కాస్త ముందే ఆగితే క్లోమంలో మిగిలిన ముక్కలో రాళ్లు, ప్రొటీన్ ముద్దలు చేరి నొప్పి మళ్లీ మొదలవుతుంది. కాస్త ఎక్కువ వెళితే క్లోమనాళమే తెగుతుంది. ఆ రెంటి మధ్య ఉన్నది కొన్ని మిల్లీమీటర్ల జాగా. గురువుగారు అక్కడికి రాగానే గదిలో మాటలన్నీ ఆపించేవారు. పైవైపు కాలేయపు ద్వారం దగ్గర కుడి ఎడమ నాళాలు కలిసే చోటుకు వెళ్లి, లోపలికి చూసి, పొరలు అడ్డం ఉన్నాయేమో, రాళ్లు, మడ్డి ఉన్నాయేమో కడిగి శుభ్రం చేయాలి. ఆ తర్వాత స్విట్జర్లాండ్ సర్జన్ సీజర్ రూ పేరున నడిచే పద్ధతిలో చిన్నపేగులో ఒక పాయను పైకి తెచ్చి, దారం కంటికి సరిగా ఆనని సన్నని కుట్లతో ఆ నాళానికి వెడల్పుగా కలపాలి. పెద్దవాళ్లకు ఆ పాయ సుమారు 40 సెంటీమీటర్లు ఉంటుంది, పసిపాపకు అంత పొడవు తీస్తే పిల్లతో పాటు పెరిగి మెలికలు పడుతుంది. పేగు పాయ బదులు నేరుగా చిన్నపేగు మొదటి భాగానికే కుట్టే సర్జన్లూ ఉన్నారు. ఆపరేషన్ త్వరగా అవుతుంది, తర్వాత ఎండోస్కోపీతో ఆ కుట్టు దగ్గరికి చేరడం సులువు. కానీ పైత్యం పొట్టలోకి ఎగదన్ని మంట పుట్టిస్తుంది. డెబ్బై ఏళ్లు బతకాల్సిన పిల్లకు ఆ ఇబ్బందిని రాసివ్వడం నాకు ఇష్టం లేదు, రూ పద్ధతినే ఎంచుకుంటాను. ఇందులో నాతో ఏకీభవించని మంచి సర్జన్లు ఈ సభలోనే ఉన్నారు.

కీహోల్ పద్ధతిలో ఈ తిత్తిని మొదట తీసినట్టు ఇటలీ నుంచి ఫారెల్లో బృందం 1995లో ప్రచురించింది. ఈనాడు హైదరాబాద్‌లో కీహోల్ ద్వారా, రోబో సాయంతో కూడా చేస్తున్నారు. మచ్చ చిన్నది, నొప్పి తక్కువ, ఇంటికి త్వరగా పోవచ్చు. తల్లిదండ్రులు నన్ను మొదట అడిగేది కూడా ఇదే: ‘ఎన్ని హోల్స్ పెడతారు సార్?’ నేను వాళ్లను వేరే ప్రశ్నలు అడగమంటాను. తిత్తి కిందిదాకా తీస్తారా? పైన కుట్టు ఎంత వెడల్పుగా పెడతారు? ఇలాంటివి మీ చేతుల మీదుగా ఏడాదికి ఎన్ని జరుగుతాయి? సన్నని నాళానికి ఇరుగ్గా పెట్టిన కుట్టు పదిహేనేళ్లకు బిగుసుకుపోతుంది. అప్పుడు మచ్చ ఎంత చిన్నదైనా పనికిరాదు.

పిల్లల్లో గోడ పలచన, పొరలు సులువుగా విడిపోతాయి. పెద్దల్లో అదే ఆపరేషన్ బరువెక్కుతుంది. గోడ మందం, చుట్టూ అతుకులు, లోపల రాళ్లు, కాలేయం గట్టిపడితే రక్తస్రావం. అన్నిటికీ మించి క్యాన్సర్ భయం. పాత ప్రచురణల్లోని అంకెల ప్రకారం మొదటి పదేళ్లలో క్యాన్సర్ కనిపించేది 1 శాతం లోపు, ఇరవై దాటాక 10 శాతం పైన. ఇవి ఆసుపత్రికి బాధతో వచ్చినవారి లెక్కలు కాబట్టి నిజం ఇంతకన్నా కాస్త మెరుగ్గా ఉండవచ్చు. అయినా వయసుతో పాటు ప్రమాదం పెరుగుతుందన్నదాంట్లో సందేహం లేదు. నొప్పి లేకపోయినా తీయించుకోమనడానికి ఇదే కారణం.

ఇప్పుడు ఈ కారిడార్ దగ్గరికి వస్తాను. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ ఏడాది పుట్టి, నాలుగైదేళ్ల వయసులో ఈ తిత్తి తీయించుకున్న పాప ఇప్పుడు రాయదుర్గంలోనో నానక్‌రామ్‌గూడలోనో ఉద్యోగం చేస్తూ ఉండవచ్చు. ఆమె పక్క సీటులోనే, చిన్నప్పుడు ఎవరూ కనిపెట్టని తిత్తితో ముప్పయ్యేళ్లు గడిపి, కంపెనీవారి హెల్త్ చెకప్‌లో మొదటిసారి ఆ సంగతి తెలుసుకున్న యువకుడూ ఉండవచ్చు. ఇద్దరి గురించీ విడివిడిగా చెప్పాలి.

ముందు ఆ యువకుడి సంగతి. కాలేజీ రోజుల నుంచీ భోజనం తర్వాత వచ్చే నొప్పికి అతను గ్యాస్ గోళీ వేసుకుంటున్నాడు. నైట్ షిఫ్ట్, బయటి తిండి, టెన్షన్ అని అందరూ కారణాలు చెప్పారు. చెకప్ రిపోర్టులో పిత్తనాళం పద్నాలుగు మిల్లీమీటర్లని వస్తుంది. రాత్రంతా ఫోన్‌లో వెతికి, క్యాన్సర్ అన్న మాట దగ్గర ఆగిపోయి, మర్నాడు వణుకుతూ వస్తాడు. అతనికి చెప్పాల్సింది ఏమిటంటే లావైన నాళమల్లా తిత్తి కాదు. అడుగున రాయి అడ్డుపడినా లావవుతుంది, పిత్తాశయం తీసేసినవాళ్లలో, వయసు మీద పడినవాళ్లలోనూ కొంత లావవుతుంది. ఎమ్మార్సీపీ అనే ఎమ్మారై పరీక్ష చేస్తే నాళాల పటం మొత్తం కనబడుతుంది. క్లోమనాళం ఎక్కడ కలుస్తోందో తెలుస్తుంది. తిత్తేనని తేలితే తీసేయాల్సిందే. రాళ్లని చెప్పి పిత్తాశయం ఒక్కటీ తీసేసి, వెనక లావుగా ఉన్న నాళాన్ని అలాగే వదిలేసిన కేసులు మన దగ్గరికి వస్తుంటాయి. ఆపరేషన్ బల్ల మీద నాళం లావుగా కనిపిస్తే అక్కడ ఆగి ఆలోచించమని యువ సర్జన్లను కోరుతున్నాను.

ఎండోస్కోపీలో ఈ నగరానికి ప్రపంచ ఖ్యాతి ఉంది. గచ్చిబౌలిలో ఏఐజీ ఆసుపత్రిని నడిపిస్తున్న నాగేశ్వర్ రెడ్డి గారికి 2025లో పద్మవిభూషణ్ రావడం మనందరికీ గర్వకారణం. చీముతో, జ్వరంతో వచ్చిన రోగికి ఈఆర్‌సీపీ అనే ఎండోస్కోపీ చేసి నాళంలో స్టెంట్ గొట్టం వేస్తే ప్రాణం నిలబడుతుంది, ఆపరేషన్‌కు సిద్ధం కావడానికి గడువు దొరుకుతుంది. అయితే నొప్పి పోయింది కదా అని స్టెంట్‌తోనే ఉండిపోయేవారు ఉన్నారు. స్టెంట్ తిత్తిని మాయం చేయదు. వైద్యులు ఆ మాటను రోగికి విడుదల రోజే చెప్పి, ఆపరేషన్ తేదీ రాసివ్వాలి.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. ‘పుట్టుకతో వచ్చింది’ అని కాగితం మీద చూడగానే బీమా రాదనుకుని వెనక్కి తగ్గేవాళ్లు చాలామంది. ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిర్వచనాల్లో పుట్టుకతో వచ్చే లోపాలు బయటికి కనిపించేవని, లోపల ఉండేవని రెండు రకాలు. పిత్తనాళపు తిత్తి రెండో రకం. మీ పాలసీ దేన్ని మినహాయించిందో చదివి, డాక్టరు చేత అదే మాట స్పష్టంగా రాయించుకోండి.

ఇదే కారిడార్‌లో అద్దాల భవనాలను కట్టినవాళ్ల పిల్లలూ ఉన్నారు. కోకాపేట టవర్ల పక్కన రేకుల షెడ్లలో పాలమూరు నుంచి వచ్చిన కుటుంబాలు ఉంటాయి. అక్కడి ఒక పిల్లకు కామెర్లు వస్తే పక్కనున్న పెద్ద ఆసుపత్రి గేటు దాటే ధైర్యం తల్లిదండ్రులకు ఉండదు. 2007లో ఆరోగ్యశ్రీ ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో పాలమూరు ఒకటి. పిల్లల శస్త్రచికిత్సల జాబితాలో ఈ తిత్తి కూడా ఉంది. 2023 డిసెంబరులో తెలంగాణలో కుటుంబానికి పరిమితి పది లక్షలకు పెరిగింది. 1953 నుంచి తల్లులకు, పిల్లలకు వైద్యం చేస్తున్న నిలోఫర్ ఉంది, ఉస్మానియా, నిమ్స్ ఉన్నాయి. గురువుగారు పని నేర్చుకున్నదీ నేర్పిందీ సర్కారు దవాఖానాల్లోనే. కట్టుబడి పనుల కాంట్రాక్టర్లకు, సైట్ సూపర్‌వైజర్లకు నా విన్నపం ఒకటే: కళ్లు పచ్చబడిన పిల్లను చూస్తే ఒక రోజు కూలీ కోయకుండా ఆ తల్లిని స్కానింగ్‌కు పంపండి.

ఇప్పుడు చిన్నప్పుడే ఆపరేషన్ అయిన ఆ అమ్మాయి సంగతి. నన్ను ఎక్కువ కలతపెట్టేది ఈమె కథే. ఆపరేషన్ బాగా జరిగింది. మొదటి రెండేళ్లు తల్లిదండ్రులు చెకప్‌కు తీసుకొచ్చారు. పిల్ల ఆరోగ్యంగా ఉండడంతో రావడం మానేశారు. స్కూలు, ఇంటర్, ఇంజినీరింగ్. పెళ్లి వయసు వచ్చాక ఇంట్లో ఆ ఆపరేషన్ ఊసే ఎత్తరు. సంబంధం చెడిపోతుందని భయం. మచ్చ గురించి ఎవరైనా అడిగితే అపెండిసైటిస్ అని చెప్పమంటారు. ఫైలు అటక ఎక్కుతుంది, కొన్ని ఇళ్లలో చింపేస్తారు కూడా. అమ్మాయికి తన కడుపులో ఏం తీశారో, ఏది దేనికి కుట్టారో తెలియదు. ఆ తల్లిదండ్రులను నేను తప్పుపట్టను, వాళ్ల భయం నిజమైనది. కానీ ఆ రహస్యం ఖరీదు అమ్మాయి ఒంటి మీద పడుతుంది.

ఆగస్టులో ఆమెకు చలిజ్వరం వస్తుంది. ఊరంతా డెంగీ. కాలేయం పరీక్షలు తేడాగా వస్తాయి. డెంగీలోనూ అలా వస్తాయి కాబట్టి ఎవరూ అనుమానించరు. సెలైన్ పెడతారు, జ్వరం తగ్గుతుంది. నవంబరులో మళ్లీ వస్తుంది. అప్పటికి కుట్టు బిగుసుకుపోయి, కాలేయం లోపల రాళ్లు చేరి ఉంటాయి. పరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేస్, జీజీటీ పెరిగి ఉంటే డెంగీ కంటే పిత్తనాళాన్ని అనుమానించాలి. కానీ ఆ ఆలోచన రావాలంటే పాత ఆపరేషన్ గురించి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పినా, రూ పద్ధతిలో కుట్టిన చోటికి మామూలు ఈఆర్‌సీపీ గొట్టం చేరలేదు. పొడవాటి ప్రత్యేక ఎండోస్కోప్ కావాలి, లేదా పక్కటెముకల కింది నుంచి చర్మం ద్వారా కాలేయంలోకి వెళ్లాలి. ఏ కుట్టు వేశారో తెలిస్తే వైద్యుడు మొదటి రోజే సరైన దారి పడతాడు. తెలియకపోతే ఒక విఫలమైన ఎండోస్కోపీ తర్వాత గాని తెలుసుకోడు.

గర్భం సంగతీ ఉంది. తిత్తి ఇంకా లోపలే ఉన్న స్త్రీలో గర్భం పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, నొప్పిని గర్భం నొప్పి అనుకుంటారు, అరుదుగా తిత్తి పగిలిపోతుంది. కాబట్టి తిత్తి ఉందని తెలిసిన అమ్మాయికి పిల్లల కోసం ప్రయత్నించే ముందే ఆపరేషన్ చేయించడం మంచిది. పెళ్లయ్యాక చూద్దాం అనే మాట ఇక్కడ చెల్లదు. తిత్తి తీసేశాక పెళ్లికి, బిడ్డలకు ఈ ఆపరేషన్ అడ్డు కాదని సర్జనే పెద్దల ముందు కూర్చుని చెప్పాలి. గురువుగారు కాబోయే అత్తమామలను కూడా పిలిపించుకుని చెప్పేవారు.

తిత్తి మొత్తం తీసేసినా క్యాన్సర్ ప్రమాదం బాగా తగ్గుతుంది కానీ సున్నా కాదు. పైన మిగిలిన నాళంలో, క్లోమం లోపలి ముక్కలో దశాబ్దాల తర్వాత రావచ్చు. అందుకే ఏడాదికొకసారి కాలేయ పరీక్షలు, అల్ట్రాసౌండ్, అనుమానం ఉంటే ఎమ్మార్సీపీ, బతికినంత కాలం. పాత రోజుల్లో తిత్తిని ఉంచి పేగుకు కలిపి కుట్టించుకున్నవారు ఇప్పుడు అరవై దాటి ఉంటారు. వారు ఎంత బాగున్నా ఒకసారి సర్జన్‌ను కలవాలి. ఉద్యోగం మీద డల్లస్‌కో న్యూజెర్సీకో వెళ్లినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఈ జబ్బు అరుదైన అక్కడి వైద్యులకు ఆపరేషన్ నోట్ మన దగ్గరి నుంచే వెళ్లాలి.

కాబట్టి నేను అడిగేది ఒక పేజీ. దాని మీద తిత్తి ఏ రకం, ఏ వయసులో తీశారు, కిందివైపు ఎంతదాకా తీశారు, లోపలి పొర ఎక్కడైనా మిగిలిందా, పైన ఏది దేనికి కుట్టారు, పేగు పాయ ఎంత పొడవు, గోడ పరీక్షలో ఏం తేలింది, కాలేయం లోపలి నాళాలు ఎలా ఉన్నాయి అన్నవి ఉండాలి. తేదీ, సర్జన్ సంతకం. కింద మూడు వాక్యాలు తెలుగులో: చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, కుడివైపు నొప్పి వచ్చినా ఈ కాగితం చూపించండి. ఏడాదికొకసారి పరీక్ష మానవద్దు. ఈఆర్‌సీపీ చేసే ముందు ఈ కాగితం చదవండి. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన డిజిటల్ హెల్త్ మిషన్‌లో ప్రతి ఒక్కరికీ పద్నాలుగు అంకెల అభా నంబరు తీసుకునే వీలుంది. ఈ పేజీని దానికి జతచేస్తే అటక మీది ఫైలు పోయినా పేజీ పోదు. ఆ పని చేయగల ఇంజినీర్లు ఈ వీధుల్లోనే వేలమంది ఉన్నారు, ఈ సభలోనూ ఉన్నారు. సర్కారు దవాఖానాలు, ఈ కారిడార్ ఆసుపత్రులు కలిసి ఈ ఒక్క జబ్బుకు ఒక ఉమ్మడి రిజిస్టరు పెట్టుకుంటే, పిల్లల సర్జన్ నుంచి పెద్దల సర్జన్‌కు మనిషిని అప్పగించడం సాధ్యమవుతుంది.

పద్దెనిమిదేళ్లు నిండినప్పుడు ఆ అప్పగింత జరగాలి. ఆ రోజు పిల్లల సర్జన్, పెద్దల సర్జన్ ఇద్దరూ ఒకే గదిలో ఉండి, అమ్మాయికి బొమ్మ గీసి చూపించి, కాగితం ఆమె చేతికే ఇవ్వాలి. ఈ పేజీ నమూనా ప్రతులు ద్వారం దగ్గరి బల్ల మీద పెట్టించాను. ఏమైనా చేర్చాల్సి ఉంటే సర్జన్లు పెన్సిలుతో రాసి అక్కడే వదిలివెళ్లండి, అన్నీ కలిపి ఈ నెలలోనే శుద్ధప్రతి తయారుచేద్దాం.